అమ్మ సిమ్‌లో 20 రూపాయలు ఎటు పోయాయి? ప్రీపెయిడ్ లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

దేవరకొండ_చిన్నోడు | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. నేను హైదరాబాద్‌లో పనిచేస్తాను, ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. అమ్మది కీప్యాడ్ ఫోను, పన్నెండేళ్లుగా ఒకటే నంబరు. పట్టా పాసుబుక్కు, బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ అన్నిటికీ ఆ నంబరే ఇచ్చాం.

అక్క కాన్పు ఉందని జూన్‌లో అమ్మను ఇక్కడికి తీసుకొచ్చాం. బతుకమ్మకు మళ్లీ ఊరికి పోయింది. ఇక్కడున్నన్ని రోజులు మా ఫోన్లే వాడింది కాబట్టి ఆ సిమ్‌కు రీచార్జ్ చేయలేదు. ఇప్పుడు చూస్తే కాల్ పోదు, రాదు. "38 రూపాయలు ఉండె కద బిడ్డా, ఎందుకు పోదు?" అంటుంది అమ్మ. పక్కింటి పిల్లవాడితో బ్యాలెన్స్ కొట్టించి చూపిస్తే 18 రూపాయలే ఉన్నాయట. ఆ ఫోను బీరువాలోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మరి 20 రూపాయలు ఎట్లా పోయాయి?

పత్తి ఏరుడు మొదలైంది. అమ్మితే పైసలు పడ్డ మెసేజ్ ఆ నంబరుకే రావాలి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఈ ప్రీపెయిడ్ ఎట్లా నడుస్తుంది? అమ్మలాంటి వాళ్లకు పోస్ట్‌పెయిడ్ చేయిస్తేనే నయమా?

మిర్యాలగూడ_మొబైల్స్ | ఆదివారం, రాత్రి 9:15

తమ్మీ, వివరాలు తర్వాత. ముందు ఆ నంబరుకు రేపో ఎల్లుండో రీచార్జ్ చేయించు. ఈ వారం దాటనీయకు.

ఎందుకంటే ఆ 20 రూపాయలు దొంగతనం కాదు, నీ నంబరు ఇంకా బతికి ఉందనడానికి గుర్తు. ప్రీపెయిడ్ నంబరు మీద వరుసగా 90 రోజులు ఏ వాడకమూ లేకపోతేనే దాన్ని మూసేయాలని ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీలకు నియమాలు పెట్టే సంస్థ, 2013లో నియమం పెట్టింది. 90 రోజులు అయ్యేసరికి ఖాతాలో 20 రూపాయలో అంతకంటే ఎక్కువో ఉంటే, అందులోంచి 20 తీసుకుని నంబరును ఇంకో 30 రోజులు ఉంచాలి. మీ అమ్మ ఖాతాలో 38 ఉండబట్టి మొదటిసారి గట్టెక్కింది. ఇప్పుడు 18 ఉంది. ఈ 30 రోజులు అయ్యాక మళ్లీ 20 తీయడానికి పైసలు చాలవు. ఆ తర్వాత 15 రోజుల గడువు ఉంటుంది, అదీ దాటితే నంబరు పోతుంది.

లెక్క వేసుకో. జూన్ చివర ఇన్‌కమింగ్ ఆగింది అనుకుంటే 90 రోజులు సెప్టెంబర్ చివరికి అయ్యాయి. 20 కట్ అయ్యింది అప్పుడే. అంటే అక్టోబర్ చివరి దాకే నీకు టైముంది. ఆ 15 రోజులను నమ్ముకోవద్దు.

సూర్యాపేట_సారు | ఆదివారం, రాత్రి 9:50

అందుకే నేను మా ఇంట్లో నాలుగు నంబర్లూ ఒకే పోస్ట్‌పెయిడ్ ఫ్యామిలీ ప్లాన్ కింద పెట్టాను. నెలకోసారి బిల్లు నా ఖాతా నుంచి దానంతట అదే కట్ అవుతుంది. మా నాయనకు 78 ఏళ్లు, వ్యాలిడిటీ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఒక్క రోజు కూడా ఆయన ఫోను మూగబోలేదు. పెద్దవాళ్లకు పోస్ట్‌పెయిడే సరైనదని నా గట్టి అభిప్రాయం.

మిర్యాలగూడ_మొబైల్స్ | ఆదివారం, రాత్రి 10:20

సారూ, మీ ఇంటికి అది బాగా కుదిరింది, కాదనను. కానీ ఈ తమ్ముడి అమ్మ నెలకు పట్టుమని ముప్పై కాల్స్ కూడా చేయదు. ఆమెకు కావలసింది ఫోను మోగడం, మెసేజ్ రావడం.

ఇక్కడ అందరూ పొరబడే సంగతి ఒకటి చెప్తాను. మా షాపుకు రోజుకు పది మంది వచ్చి అడిగేది ఇదే: "బ్యాలెన్స్ ఉంది గదా, ఎందుకు పోదు?" పాతకాలంలో ప్రీపెయిడ్ అంటే సంచిలో పైసల్లాంటిది. 100 రూపాయల కార్డు గీకి ఆ అంకెలు కొట్టుకుంటే, పైసలు అయిపోయేదాకా మాట్లాడుకునేవాళ్లు. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక ఊళ్లకు ఊళ్లు ఫోన్లు కొన్నాయి. 2005 చివర, 2006 మొదట్లో 999 రూపాయలకు లైఫ్‌టైమ్ సిమ్‌లు వచ్చినప్పుడు మా షాపు ముందు లైను కట్టారు. ఒక్కసారి కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ అని. 2009లో సెకనుకు పైసా లెక్క వచ్చింది. మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేయడం, అవతలివాళ్లు తిరిగి చేయడం, ఇదీ బతుకు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక లెక్క తిరగబడింది. నిమిషానికి ఇంత అనేది పోయి, రోజులకు ఇంత అనేది వచ్చింది. 2018 చివరి నుంచి పాత కంపెనీలు కూడా నెలకు కనీసం 35 రూపాయలు వేయకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తామన్నాయి. అప్పటి నుంచి మనం కొంటున్నది మాటలు కాదు, రోజులు. బ్యాలెన్స్ ఒక డబ్బా, వ్యాలిడిటీ ఇంకో డబ్బా. మొదటి దాంట్లో వెయ్యి రూపాయలున్నా రెండోది ఖాళీ అయితే ఫోను మోగదు.

ఇంకో మాట. 10 రూపాయల టాపప్ వేస్తే 7.47 వస్తుంది, 100 వేస్తే 81.75 వస్తుంది. జీఎస్టీ, వాళ్ల చార్జీ అందులోంచే పోతాయి. దాంతో రోజులు ఒక్కటి కూడా పెరగవు. తెలియక టాపప్ వేసుకుని "మోసం" అని నా మీదికి వచ్చే ముసలివాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అందుకే షాపులో ముందు "మాట్లాడడానికా, నంబరు నడవడానికా" అని అడుగుతాను.

పాలమూరు_టవర్ | ఆదివారం, రాత్రి 11:05

నేను మహబూబ్‌నగర్ చుట్టుపక్కల టవర్ల మెయింటెనెన్స్‌లో తొమ్మిదేళ్లు చేశాను. లోపల జరిగేది చెప్తాను.

సిమ్‌లో పైసలు ఉండవు. సిమ్‌లో ఉండేది ఒక గుర్తింపు సంఖ్య, ఒక రహస్య తాళం, అంతే. పైసలూ రోజులూ కంపెనీ కంప్యూటర్‌లో ఉంటాయి. అందుకే ఫోను చెరువులో పడ్డా, అదే నంబరు మీద కొత్త సిమ్ తీసుకుంటే బ్యాలెన్స్ ఎక్కడికీ పోదు.

మీరు నంబరు కొట్టి పచ్చ బటన్ నొక్కుతారు. ఆ కబురు టవర్ నుంచి ఎక్స్ఛేంజ్‌కు పోతుంది. ఎక్స్ఛేంజ్ కాల్ కలిపేముందు చార్జింగ్ కంప్యూటర్‌ను అడుగుతుంది: ఈ నంబరుకు రోజులు ఉన్నాయా, ప్యాక్ ఉందా, ఎన్ని సెకన్లు వదలవచ్చు? అది కొన్ని సెకన్ల ముక్క కేటాయిస్తుంది. ఆ ముక్క అయిపోవస్తుంటే మళ్లీ అడుగుతుంది, మళ్లీ ఇస్తుంది. ఫోను పెట్టేశాక వాడని సెకన్లు వెనక్కి జమ అవుతాయి. పైసల లెక్క మీద నడిచే సిమ్‌లో మధ్యలో పైసలు అయిపోతే తర్వాతి ముక్క దొరకదు, కాల్ తెగిపోతుంది. నెట్ కూడా అంతే, సెకన్లకు బదులు ఎంబీలు. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో అర్ధరాత్రి 12కు మీటరు మళ్లీ సున్నా అవుతుంది. అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. దాంతో ఫోటో తెరుచుకునేసరికి టీ చల్లారిపోతుంది.

పోస్ట్‌పెయిడ్‌లో ముందు వాడుకోనిస్తారు, లెక్క రాసిపెట్టి నెల చివర బిల్లు పంపుతారు. అంటే మన మీద నమ్మకంతో అప్పు ఇస్తున్నట్టు. ఆ నమ్మకానికి అడ్రస్ చూస్తారు, ఒక్కోసారి డిపాజిట్ అడుగుతారు, ఇంత దాటితే ఆపేయాలని ఒక హద్దు పెట్టుకుంటారు. ప్రీపెయిడ్‌లో ఆ తకరారు లేదు. మన దేశంలో వందకు తొంభై మందికి పైగా ప్రీపెయిడే వాడడానికి కారణం అదే.

నారాయణపేట_అక్క | సోమవారం, ఉదయం 6:30

టవర్ అన్న చెప్పింది మా ఇంటి కథే. మా ఆయన పుణెలో కట్టడం పనికి పోతాడు. సంవత్సరంలో ఎనిమిది నెలలు అక్కడే, వానలు పడితే వస్తాడు. ఏ ఊళ్లో ఏ షెడ్డులో ఉంటాడో ఆయనకే ముందు తెలియదు. బిల్లు ఏ అడ్రస్‌కు రావాలి? పని దొరకని నెలలో ఆ బిల్లు ఎట్లా కట్టాలి? మాలాంటి వాళ్లకు ప్రీపెయిడ్ ఒక్కటే దారి. చేతిలో పైసలుంటే వేసుకుంటాం, లేకుంటే నాలుగు రోజులు ఆగుతాం. అప్పు మాత్రం కాదు.

ఒకప్పుడు అక్కడికి పోయాక కొత్త సిమ్ తీసుకునేవాడు. ప్రతి ఏడాది నంబరు మారేది, పిల్లలకు జ్వరం వస్తే ఏ నంబరుకు చేయాలో తెలిసేది కాదు. మా దగ్గర కృష్ణా స్టేషన్ వైపు పోతే ఫోను కర్ణాటక టవర్ పట్టుకుని రోమింగ్ పైసలు కట్ అయ్యేవి. ఇప్పుడు ప్యాక్‌లో రోమింగ్ కలిసే ఉంటుంది, ఇక్కడి సిమ్ అక్కడ నడుస్తుంది.

నా కోపం ఒక్కటే, నెల ప్యాక్ అని ఇచ్చే ఆ 28 రోజులు. కూలి మేస్త్రీ నెలకు లెక్క కడతాడు. ప్యాక్ మాత్రం రెండు మూడు రోజుల ముందే అయిపోతుంది. పోయిన ఫిబ్రవరిలో మామకు పక్షవాతం వచ్చిన రాత్రి మా ఆయన ఫోను మోగలేదు. పైసలు తెల్లారి పడతాయని ఆగాడు. మేస్త్రీ నంబరు పట్టుకుని, ఆ మేస్త్రీ వాళ్ల షెడ్డుకు నడిచిపోయి చెప్పేసరికి రెండు గంటలు పట్టింది.

పాలమూరు_టవర్ | సోమవారం, ఉదయం 7:45

అక్కా, చదివి మనసు కలుక్కుమంది. 28 రోజుల లెక్కలో సంవత్సరానికి 13 రీచార్జ్‌లు పడతాయి, 12 కాదు. ఈ గోల పెరిగాకే 2022 జనవరిలో ట్రాయ్ ఆర్డర్ ఇచ్చింది: ప్రతి కంపెనీ కనీసం ఒక్క ప్లాన్ 30 రోజులది, ఇంకొకటి ప్రతి నెలా అదే తారీఖుకు రీచార్జ్ అయ్యేది పెట్టాలని. షాపుల్లో ఎవరూ వాటిని ముందు చూపించరు. "నెల తారీఖు ప్లాన్ ఉందా" అని మనమే అడగాలి. ఇంకా, చాలా ప్యాకుల్లో పాతది అయిపోకముందే రీచార్జ్ చేస్తే అది వరుసలో నిలబడి, పాతది అయ్యాక మొదలవుతుంది. మీ ఆయనకు పైసలు వచ్చిన రోజే వేయించు.

దేవరకొండ_చిన్నోడు | సోమవారం, ఉదయం 9:10

అందరికీ రుణపడి ఉంటాను. 20 రూపాయల సంగతి అమ్మకు ఫోన్‌లో చెప్తే, అంటే పక్కింటావిడ ఫోన్‌లో, "అయితే నా 38 మంచిదే చేసిందన్నమాట" అంది. రేపు సెలవు పెట్టి ఊరికి పోతున్నాను. ఇంతకూ అమ్మకు ఏ ప్యాక్ వేయించాలి? నెట్ అక్కరలేదు. ప్రతి దాంట్లో నెట్ కలిపే అమ్ముతున్నారు.

మిర్యాలగూడ_మొబైల్స్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

నెట్ లేనివి ఉన్నాయి తమ్మీ. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ నియమాలు మార్చి, కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే విడిగా ప్యాక్ పెట్టి తీరాలంది. అంతకుముందు ఇలాంటి ప్యాకుల (స్పెషల్ వోచర్ల) గడువు 90 రోజులు దాటకూడదని ఉండేది, దాన్ని 365 రోజులకు పెంచింది. 2025 జనవరిలో ఆ ప్యాకులు వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 469కి 84 రోజులు, 1849కి 365 రోజులు. జియోలో 448కి 84 రోజులు, 1748కి 336 రోజులు. ఇవి అప్పటి ధరలు, వేయించేముందు షాపులో సరిచూసుకో.

లెక్క చూడు. 2024 జూలైలో ధరలు పెరిగాక ఎయిర్‌టెల్‌లో 28 రోజుల చిన్న ప్యాక్ 199 అయింది. సంవత్సరానికి 13 సార్లు వేస్తే 2587. ఏడాది ప్యాక్ 1849. అంటే 738 రూపాయల తేడా, పైగా పదమూడుసార్లు గుర్తు పెట్టుకునే బాధ లేదు. మీ అమ్మ వయసు వాళ్లకు నేను ఏడాదిదే వేస్తాను. కానీ ఒక్కసారిగా 1849 అందరి దగ్గరా ఉండవు. పింఛను మీద బతికే వాళ్లకు 84 రోజులది నయం.

పాలమూరు_టవర్ | సోమవారం, మధ్యాహ్నం 2:05

ఒక హెచ్చరిక. అమ్మది పాత 2జీ కీప్యాడ్ ఫోను అయితే అందులో జియో సిమ్ నడవదు. జియోకు 2జీ లేదు, దానికి 4జీ కీప్యాడ్ ఫోను కావాలి. ప్యాక్ చవక అని కంపెనీ మార్చి, ఫోను మళ్లీ కొనాల్సి వచ్చిన వాళ్లను చూశాను.

అచ్చంపేట_అడవి | సోమవారం, సాయంత్రం 5:20

ధర తర్వాత, ముందు సిగ్నల్ చూడండి. మన్ననూరు దాటి నల్లమలలోకి పోతే ఒక మలుపులో సిగ్నల్ ఉంటుంది, ఇంకో మలుపులో ఉండదు. మా ఊళ్లో మా వాకిట్లో ఒక కంపెనీ పలుకుతుంది, వెనక దొడ్లో ఇంకోటి పలుకుతుంది. మా తమ్ముడు ప్రకటన చూసి నంబరును ఇంకో కంపెనీకి మార్చుకుని, మూడు నెలలు చింతచెట్టు కింద నిలబడి మాట్లాడాడు.

మార్చాలనుకునేవాళ్లు ఆ కంపెనీ సిమ్ ఉన్నవాళ్లను ఇంటికి పిలిచి, తలుపు వేసి, అమ్మ పడుకునే చోట నిలబడి ఒక కాల్ చేసి చూడండి. అక్కడ పలికితే అప్పుడు ఆలోచించండి.

కల్వకుర్తి_డిగ్రీ | సోమవారం, సాయంత్రం 6:00

అన్నా, నంబరు అదే ఉంచుకుని కంపెనీ మార్చడం ఎట్లా? నాకు రోజుకు 2 జీబీ అయినా సరిపోవట్లేదు, క్లాసుల వీడియోలు చూడాలి. హాస్టల్‌లో సిగ్నల్ తక్కువ.

పాలమూరు_టవర్ | సోమవారం, రాత్రి 8:15

తమ్మీ, పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, నీ పది అంకెల నంబరు రాసి 1900కు మెసేజ్ పంపు. ఒక కోడ్ వస్తుంది, దానికి 4 రోజుల గడువు. ఆ కోడ్, ఆధార్ పట్టుకుని కొత్త కంపెనీ షాపుకు పో. మన సర్కిల్, అంటే మన టెలికాం ప్రాంతం లోపల అయితే 3 పనిదినాల్లో అవుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్, కాబట్టి గద్వాలలో ఉన్నా కర్నూలులో ఉన్నా తేడా లేదు. ఈ కంపెనీలోకి వచ్చి 90 రోజులు కాకపోతే, లేదా గత 7 రోజుల్లో సిమ్ మార్చి ఉంటే కోడ్ ఇవ్వరు.

మిగిలిన బ్యాలెన్స్, మిగిలిన రోజులు కొత్త కంపెనీకి రావు. అందుకే ప్యాక్ అయిపోవచ్చే రోజుల్లో మారు, కొత్తగా ఏడాదిది వేసుకున్న మర్నాడు కాదు.

దేవరకొండ తమ్మీ, నువ్వు మాత్రం ఇప్పుడు పోర్ట్ జోలికి పోకు. ముందు నంబరును ఉన్న చోటే బతికించు.

వనపర్తి_సుధ | సోమవారం, రాత్రి 9:30

నంబరు పోతే ఏమవుతుందో నేను అవతలి వైపు నుంచి చూశాను, అందుకే రాస్తున్నాను.

పోయినేడు కొత్త సిమ్ తీసుకున్నాను. వారం తిరగకముందే ఎవరిదో ఖాతాకు సంబంధించిన మెసేజ్‌లు రావడం మొదలయ్యాయి. ఖాతాలో ఇంత పడింది, ఇంత తీశారు, ఇదిగో ఓటీపీ అని. మూసేసిన నంబరును 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత వేరేవాళ్లకు ఇస్తారని అప్పుడే తెలిసింది. ఆ మెసేజ్‌లలో ఖాతా చివరి నాలుగు అంకెలు చూసి బ్యాంకు బ్రాంచికి పోయి చెప్పాను. ఆ ఖాతా ఒక ముసలాయనది. మెసేజ్‌లు ఎందుకు రావట్లేదో ఆయన ఎవరినీ అడగలేదు, పైసలే పడలేదు అనుకున్నాడట. మా ఇద్దరినీ కూర్చోబెట్టి నంబరు మార్చేసరికి మధ్యాహ్నం అయ్యింది. ఆ రోజు ఆయన నా చేయి పట్టుకుని వదలలేదు.

నా బదులు ఇంకొకరి చేతిలో ఆ నంబరు పడితే? ఇంట్లో పెద్దవాళ్ల సిమ్ ఆగిపోయిందంటే రీచార్జ్ సంగతి అనుకోవద్దు. అది ఇంటి తాళంచెవి.

సూర్యాపేట_సారు | సోమవారం, రాత్రి 10:10

సుధ గారు చెప్పింది చదివాక నా మాట కొంచెం సవరించుకుంటున్నాను. పోస్ట్‌పెయిడ్ గొప్ప అని కాదు, మా నాయన నంబరు బాధ్యత నేను తీసుకున్నాను, అది పని చేసింది. ప్రీపెయిడ్ అయినా కొడుకో కూతురో తమ ఫోన్ నుంచి వేస్తూ ఉంటే అదే ఫలితం. ఖర్చులోనూ తేడా ఉంది. పోస్ట్‌పెయిడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది, ప్రీపెయిడ్ ధరలో అది కలిసే ఉంటుంది. అయినా ఒకే బిల్లు మీద ఇల్లంతా నడవాలనుకునేవాళ్లకు, ఆఫీసు పైసలిచ్చేవాళ్లకు, తరచూ విదేశాలకు పోయేవాళ్లకు పోస్ట్‌పెయిడే సుఖం.

మిర్యాలగూడ_మొబైల్స్ | సోమవారం, రాత్రి 10:40

అది ఒప్పుకుంటాను సారూ. ఇంకొక్కటి, అమ్మ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకో తమ్మీ. ఒకరి పేరు మీద 9 దాకా ఉండవచ్చు. మనం తీసుకోనివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టవచ్చు. సంతలో గొడుగు కింద ఫ్రీ సిమ్ అని వేలిముద్ర రెండుసార్లు పెట్టించుకునే వాళ్లు ఉంటారు.

దేవరకొండ_చిన్నోడు | మంగళవారం, రాత్రి 9:20

అయిపోయింది. పొద్దున మొదటి బస్సుకు పోయాను. దేవరకొండలో షాపతను నంబరు కొట్టి చూసి, ఇంకా నడుస్తుందన్నాడు. అదే కంపెనీలో 365 రోజుల కాల్స్ ప్యాక్ వేయించాను. ఊరికి పోయేసరికి అమ్మ గడప మీద కూర్చుని, ఫోను రెండు చేతుల్లో పట్టుకుని చూస్తుంది. అక్కను హైదరాబాద్ నుంచి చేయమన్నాను. మోగింది. అమ్మ వెంటనే ఎత్తలేదు, నాలుగుసార్లు మోగనిచ్చి ఎత్తింది.

పాత మెసేజ్‌లు మాత్రం రాలేదు. బ్యాంకుకు పోయి పాసుబుక్కు ప్రింట్ వేయించాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రీచార్జ్ అయిపోయే తారీఖు గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాద్దామనుకున్నాను.

నారాయణపేట_అక్క | మంగళవారం, రాత్రి 9:45

తమ్మీ, సంతోషం. కానీ ఆ తారీఖు వచ్చే అక్టోబర్‌లో కదా. నీ క్యాలెండర్ డిసెంబర్‌కే అయిపోతుంది, జనవరిలో అమ్మ దాన్ని చింపి పొయ్యిలో పెడుతుంది.

దేవరకొండ_చిన్నోడు | మంగళవారం, రాత్రి 10:05

అవునక్కా, అమ్మ కూడా అదే అంది. పట్టా పాసుబుక్కు ప్లాస్టిక్ కవరు లోపల కాగితం పెట్టి రాయించింది. నా ఫోన్‌లోనూ, అక్క ఫోన్‌లోనూ పది రోజుల ముందు అలారం పెట్టాను. మీ ఆయనకు నెల తారీఖు ప్లాన్ దొరికిందా?

నారాయణపేట_అక్క | బుధవారం, ఉదయం 6:10

దొరికింది. నిన్న రాత్రి నేనే ఇక్కడి నుంచి వేశాను. ప్రతి నెలా 5న.